చలిలో పూచే కేపు గడ్డలు: పెంపకము, గుర్తింపు



ఈ పూట నేనెత్తుకున్న విషయం వినగానే, "ఎక్కడి దక్షిణాఫ్రికా, ఎక్కడి మన ఊరు? ఆ గడ్డలతో మనకేం పని?" అని మీరనవచ్చు. పని ఉన్నది. పట్నం పూల అంగళ్లకు మీలో కొందరు పంపే గ్లాడియోలస్ పూవుకు పుట్టిల్లు చాలామటుకు ఆ దేశమే. ఆ గడ్డల చుట్టాలలో కొన్ని పశువుల ప్రాణం తీసేవి కూడా ఉన్నవి. పూవును చూసి మురిసేవాడు గడ్డను కూడా ఎరిగి ఉండాలి గదా!

ముందు ఆ సీమ సంగతి. దక్షిణాఫ్రికాకు నైరుతి మూలన కేపు ప్రాంతం ఉన్నది. మనకు వానలు మొదలయ్యే జూన్, జూలై నెలలు వారికి చలికాలం. అక్కడ వాన పడేదీ ఆ చలిలోనే. వారి ఎండకాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు చినుకు రాలడం అరుదు. అందుచేత అక్కడి మొక్కలు ఒక ఉపాయం నేర్చినవి. మార్చి, ఏప్రిల్ దాటి నేల చల్లబడగానే ఆకు వేస్తవి, చలిలోనూ చలి విడిచే రోజుల్లోనూ పూస్తవి, ఎండ ముదరగానే పైనంతా ఎండిపోయి ప్రాణమంతా గడ్డలో దాచుకుని నిద్రపోతవి. నీవౌట్‌విల్ అనే చిన్న ఊరికి ప్రపంచపు గడ్డల రాజధాని అని పేరే వచ్చింది. కొన్ని రకాలైతే కార్చిచ్చు పోయిన తరువాతనే పూస్తవి. నల్లగా మాడిన నేల మీద ఎర్రని పూవు లేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఇక్కడ ఒక చిన్న మాట. మన తెలుగువాళ్లు 1860 మొదలు చెరకు తోటల కూలికి ఓడలెక్కి వెళ్లిన నేటాలు కూడా ఆ దేశంలోనిదే. కాని అక్కడ వాన ఎండకాలంలోనే పడుతుంది. ఒకే దేశమైనా కేపు గడ్డకు నేటాలు పరాయి ఊరే. గడ్డ కొనేవాడు "ఏ దేశానిది?" అని అడిగితే చాలదు, "ఏ కాలపు వానకు అలవాటుపడ్డది?" అని అడగాలి. మనం సాగుచేసే పెద్ద పూల గ్లాడియోలస్ సంకర రకాలు ఎక్కువగా ఎండకాలపు వాన సీమల జాతుల నుంచి వచ్చినవి. అందుకే అవి మన దగ్గర అంత పేచీ పెట్టవు.

ఇక గుర్తింపు. గడ్డను నిలువునా కోసి చూడండి. ఉల్లిలాగా పొరలు పొరలుగా ఉంటే అది ఒక తెగ, లాకెనేలియా అటువంటిది. లోపలంతా గట్టిగా, తెల్లగా, ముద్దగా ఉండి పైన మాత్రం పీచుపొర కప్పుకుని ఉంటే మరొక తెగ. ఫ్రీసియా, గ్లాడియోలస్, బబియానా, మొరేయా ఇందులోనివి. గడ్డ కోయడం ఇష్టం లేకపోతే పూవు వచ్చేదాకా ఆగి కేసరాలు లెక్కపెట్టండి. మూడుంటే ఈ గట్టి గడ్డల కుటుంబం. ఆరుండి, కాయ కట్టే బుడిపె రేకులకు దిగువన ఉంటే మన దొడ్లలో పూచే ఎర్ర లిల్లీ కుటుంబం. ఆరే ఉండి, ఆ బుడిపె పూవు లోపల కూర్చుని ఉంటే లాకెనేలియా వంటిది కావచ్చు, మన అడవినాభి బంధువూ కావచ్చు. కాబట్టి అక్కడ తొందరపడి పేరు పెట్టవద్దు. పదిండి, ఆకు మన పులిచింతలాగా మూడు దళాలుగా ఉంటే అది ఆక్సాలిస్. అందులో పసుప్పచ్చ పూల రకమొకటి మధ్యధరా సముద్ర తీరాలకూ, ఆస్ట్రేలియాకూ పోయి, పిల్లగడ్డలతో పాకి, వదలని కలుపై కూర్చున్నది.

ఆకులు కూడా మాట్లాడతవి. లాకెనేలియాకు తరచు రెండే ఆకులు, వాటి మీద గోధుమరంగు మచ్చలు. పూలు గొట్టాల్లాగా వేలాడుతవి. ఫ్రీసియా పూకాడ మెడ వంచి పడుకున్నట్టుంటుంది, పూలన్నీ పైవైపునే వరుసగా నిలబడతవి, మంచి వాసన. బబియానా ఆకు మడతలు పెట్టిన పంచెలాగా గాడులు గాడులుగా ఉంటుంది. దాని గడ్డలను కొండముచ్చుల వంటి బబూను కోతులు తవ్వి తింటవి. ఆ పేరూ వాటి వల్ల వచ్చినదే.

ఇక మొరేయా దగ్గర ఆగుదాం. దీనిలో కొన్ని జాతులను అక్కడివారు "టల్ప్" అంటారు. ఆకు గడ్డిపోచలాగా పొడుగ్గా, గాడితో ఉంటుంది. పూవు చూడ ముచ్చటే. కాని అందులోని విషం పశువు గుండెను పట్టుకుంటుంది. కడుపు ఉబ్బుతుంది, వెనక కాళ్లు తూలుతవి, గుండె లయ తప్పుతుంది, పశువు కూలిపోతుంది. ఆ నేల మీదే పుట్టి పెరిగిన పశువు దాని జోలికి పోదు. కొత్తగా కొని తెచ్చిన పశువు, దూరం నడిచి ఆకలిగొన్న పశువు తినేస్తుంది. ఎండబెట్టి గడ్డిలో కలిసినా విషం పోదు. తిన్న పశువును అదిలించి తోలితే గుండె ఆగిపోతుంది. ఉన్నచోటనే నెమ్మదిగా ఉంచి వైద్యుడిని పిలిపించడమే మార్గం. ఈ జాతుల్లో కొన్ని ఆస్ట్రేలియాకు చేరి అక్కడ పచ్చిక బీళ్లను పాడుచేసినవి. మన బీళ్లలో మొలిచే అడవి ఉల్లి లేదూ? దాని విషమూ ఈ కోవలోనిదే, దాని చుట్టాలూ ఆ దేశంలో ఉన్నవి. కాబట్టి ఇది పరాయి కథ అనుకోకండి. కొత్త మంద తెచ్చిన మొదటి వారం ఆ బీడులోకి ఆకలి మీద వదలకండి.

ఇప్పుడు పెంపకం. ఫ్రీసియా గడ్డకు నిద్ర వదలాలంటే 30 డిగ్రీల వేడిలో సుమారు 10 నుంచి 13 వారాలు పొడిగా ఉండాలి. ఆ వేడికి మనకేం కొదవ! చిక్కు ఆ తరువాత వస్తుంది. మొగ్గ కట్టడానికి 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. కోస్తాలో అది కుదరదు. చలి బాగా దిగే మన్యం ఊళ్లలో, మదనపల్లె వంటి మిట్ట ప్రాంతాల్లో కుండీలో పెట్టి చూడవచ్చు. ఎకరాల మీద వేయమని నేను చెప్పను సుమా!

కుండీలో సగం ముతక ఇసుక, మిగతా సగం ఎర్రమట్టి, బాగా మాగిన ఆకు ఎరువు. పచ్చి పేడ పనికిరాదు, గడ్డ కుళ్లుతుంది. అడుగున చిల్లు తప్పనిసరి. వానలు వెనక పట్టి రాత్రులు చల్లబడ్డాక, అంటే అక్టోబరు చివర, ఫ్రీసియాను 2 అంగుళాల లోతున, లాకెనేలియాను 1 అంగుళం లోతున నాటండి. ఒకసారి బాగా తడిపి, మొలక కనిపించేదాకా చెయ్యి బిగబట్టండి. యూరియా చల్లితే ఆకు ఏపుగా పెరిగి వాలిపోతుంది, పూవు రాదు.

పూవు అయిపోగానే ఆకు కోసేయడం చాలామంది చేసే పొరపాటు. వచ్చే ఏటి గడ్డ పాతగడ్డ నెత్తి మీద అప్పుడే తయారవుతూ ఉంటుంది, దానికి తిండి ఆ ఆకుదే. గ్లాడియోలస్ కాడ కోసినా మొక్కకు నాలుగాకులు మిగల్చాలి. ఆకు తనంతట తాను పసుపెక్కేదాకా నీరివ్వండి, ఆపైన ఆపండి.

గడ్డలు తవ్వి నీడన ఆరబెట్టి, గాలి ఆడే గోనె వలలో వేలాడదీయండి. నేను మొదటి ఏడు బద్ధకించి కుండీలను వరండా అంచునే వదిలాను. జూన్ జల్లులు కొట్టినవి. ఆగస్టులో తవ్వితే చేతికి దొరికింది వాసన కొట్టే గుజ్జు. ఆ గడ్డ నిద్రపోయే కాలంలోనే మన వాన వస్తుంది. వాన తగలనీయకపోవడమే ఈ సాగులో సగం పని.

చివరగా, పిల్లలు విదేశాలలో ఉన్నవారికి ఒక మాట. వచ్చేటప్పుడు సంచిలో నాలుగు గడ్డలు వేసుకు రమ్మని చెప్పకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్టు, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పేరు తెలియని గడ్డ ఇప్పటికే మీ దొడ్లో ఉంటే, పూచేదాకా దాన్ని కుండీలోనే ఉంచండి. పూచాక ఒక పూవును, ఆకును, గడ్డను కలిపి మీ మండల ఉద్యానాధికారికి చూపించండి. దాని ఆకులను మాత్రం పశువుల ముందు పారేయవద్దు.