వైద్య బీమాలో రెఫరల్ పత్రం

రోగిని మొదట పరీక్షించిన వైద్యుడు, తదుపరి చికిత్స కొరకు ఆ రోగిని ఒక ప్రత్యేక వైద్య నిపుణుని వద్దకు పంపుతూ వ్రాసి ఇచ్చే పత్రమును '''రెఫరల్ పత్రం''' అంటారు. పల్లెలలో దీనినే "పెద్దాసుపత్రికి రాసివ్వడం" అని వ్యవహరిస్తారు. వైద్య బీమా క్లెయిములలో ఈ పత్రానికి ప్రాముఖ్యత ఉంది. నిపుణుని చికిత్స ఎందుకు అవసరమైనది, ఎవరి సలహాపై మొదలైనది అను రెండు ప్రశ్నలకు బీమా సంస్థ ఇందులోనే సమాధానం వెదుకుతుంది.

== పత్రంలో ఉండవలసిన వివరాలు ==

సాధారణంగా రెఫరల్ పత్రంలో ఈ క్రింది విషయాలు ఉంటాయి.
* రోగి పేరు, వయస్సు, కార్డు సంఖ్య
* పంపుతున్న వైద్యుని పేరు, సంతకము, రిజిస్ట్రేషన్ సంఖ్య
* రోగ లక్షణాలు, అప్పటికి చేసిన పరీక్షలు, ఇచ్చిన మందులు
* ఏ విభాగపు నిపుణునికి, ఏ కారణముచే పంపుతున్నదీ
* తేదీ

వైద్యులు తాము ఇచ్చే చీటీలపైన, ధ్రువపత్రాలపైన, రశీదులపైన రిజిస్ట్రేషన్ సంఖ్యను చూపాలని భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన రోగుల రికార్డులను మూడు సంవత్సరాలు భద్రపరచాలని, రోగి కోరినచో 72 గంటలలో ఇవ్వాలని కూడా ఈ నిబంధనలలో ఉంది.

== ఆంధ్రప్రదేశ్‌లో ==

ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబాలకు రెఫరల్ విధానాన్ని విస్తృతంగా పరిచయం చేసినది ఆరోగ్యశ్రీ పథకం. ఇది 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్ నగర్, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైనది. చిత్తూరు జిల్లా 2007 డిసెంబరులో రెండవ దశలో చేరింది. 2008 జూలై నాటికి పథకం ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. మొదట్లో ఒక్కో కుటుంబానికి సంవత్సరానికి 1.5 లక్షల రూపాయలు, అవసరమైతే అదనంగా 50 వేల రూపాయల వరకు చికిత్స లభించేది. రాష్ట్ర విభజన తరువాత పథకం పేరు, పరిమితి పలుమార్లు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి దీనిని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్నారు.

ఈ పథకంలో క్లెయిము పలు మెట్లుగా సాగుతుంది. రోగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, వైద్య శిబిరానికి గాని వెళ్ళినపుడు వైద్యుడు పరీక్షించి రెఫరల్ కార్డు ఇస్తాడు. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని మిత్ర (మొదట వీరిని ఆరోగ్యమిత్ర అనేవారు) కార్డును పరిశీలించి రోగి వివరాలను నమోదు చేస్తాడు. తరువాత ఆసుపత్రి వ్యాధి నిర్ధారణ పరీక్షలను జతపరచి ముందస్తు అనుమతి కొరకు ట్రస్టుకు పంపుతుంది. ట్రస్టు వైద్యులు అంగీకరించిన పిదప చికిత్స జరుగుతుంది. రోగి ఇంటికి వెళ్ళిన తరువాత ఆసుపత్రి క్లెయిము సమర్పిస్తుంది. రోగి నేరుగా నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్ళి అక్కడే నమోదు కావచ్చును. ప్రాణాపాయ స్థితిలో రెఫరల్ కొరకు ఆగనవసరం లేదు. ఫోను ద్వారా అనుమతి తీసుకొని చికిత్స మొదలుపెట్టి, పత్రాలను తరువాత సమర్పిస్తారు.

== బైరెడ్డిపల్లె పరిసరాలలో ==

చిత్తూరు జిల్లా పశ్చిమ కొసన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న బైరెడ్డిపల్లె వంటి మండలాలలో, రోగిని ఎక్కడికి పంపాలి అన్నది పెద్ద ప్రశ్న. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు జిల్లా వాసులకు తెలిసినవే. అయితే కోలారు, బెంగుళూరు, వేలూరు కూడా దూరము కావు గనుక సరిహద్దు దాటి వెళ్ళేవారు చాలామంది. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రి పథకం జాబితాలో లేనిచో, చేతిలో రెఫరల్ పత్రం ఉన్నప్పటికీ నగదు రహిత చికిత్స లభించదు. 2019 నవంబరులో హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరాలలోని ఎంపిక చేసిన ఆసుపత్రులకు పథకాన్ని విస్తరించారు. అందువలన బయలుదేరే ముందే, తనకున్న జబ్బుకు ఆ ఆసుపత్రిలో పథకం వర్తిస్తుందా అని విచారించుకోవడం అవసరము. లేకున్న చికిత్స ఖర్చు కుటుంబం నెత్తిన పడుతుంది.

== ఇతర పథకాలు ==

కార్మిక రాజ్య బీమా చట్టం (1948) క్రింద ఉన్న కార్మికుడు మొదట డిస్పెన్సరీకి, అక్కడి నుండి బీమా ఆసుపత్రికి వెళతాడు. అక్కడ లేని చికిత్సకు ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రికి పంపుతారు. ప్రైవేటు బీమా పాలసీలలో రెఫరల్ పత్రం అన్నివేళలా తప్పనిసరి కాదు. కాని పరీక్షల బిల్లులకు, వాటిని చేయించమని వైద్యుడు వ్రాసిన చీటీ జతచేయకపోతే సొమ్ము నిలిపివేయవచ్చు.

== ఇతర దేశాలలో ==

అమెరికాలో వైద్యులు వాడే సి.ఎమ్.ఎస్.-1500 క్లెయిము పత్రంలో 17వ గడి పంపిన వైద్యుని పేరుకు, 17బి గడి ఆ వైద్యుని పది అంకెల జాతీయ గుర్తింపు సంఖ్యకు (ఎన్.పి.ఐ.) కేటాయించారు. పేరుకు ముందు వేసే రెండక్షరాల సంకేతం ఆ వైద్యుని పాత్రను తెలుపుతుంది. రోగిని పంపినవారికి డి.ఎన్., పరీక్షను కోరినవారికి డి.కె. అని వ్రాస్తారు. ముందస్తు అనుమతి సంఖ్యకు 23వ గడి ఉంది. ఆస్ట్రేలియాలో సాధారణ వైద్యుడు ఇచ్చిన రెఫరల్ మామూలుగా 12 నెలలు, ఒక నిపుణుడు మరొక నిపుణునికి ఇచ్చినది 3 నెలలు చెల్లుతుంది.

== కమీషను సమస్య ==

రోగిని పంపినందుకు ఆసుపత్రి నుండి గాని, పరీక్షా కేంద్రం నుండి గాని కమీషను తీసుకోవడాన్ని 2002 నిబంధనలు నిషేధించాయి. అమెరికాలోనూ ఇందుకు కఠినమైన చట్టాలున్నాయి. ఎవరు ఎవరిని ఎందుకు పంపారో కాగితంపై ఉన్నపుడు అనవసరపు పరీక్షలను, శస్త్రచికిత్సలను గుర్తించడం తేలికవుతుంది. ఆ విధంగా రెఫరల్ పత్రం బీమా సొమ్మునే గాక రోగి శరీరాన్ని కూడా కాపాడే సాధనము.

== రోగులు తీసుకోవలసిన జాగ్రత్తలు ==

* రేషన్ కార్డు, ఆధార్ కార్డులలో పేరు ఒకే విధంగా ఉండేట్లు చూసుకోవాలి.
* రెఫరల్ పత్రంపై తేదీ, సంతకము, ముద్ర ఉన్నవో లేవో అక్కడే చూసుకోవాలి.
* అసలు పత్రం ఇచ్చేముందు నకలు తీసి ఉంచుకోవాలి.
* పాత పరీక్షల నివేదికలను వెంట తీసుకుని వెళ్ళాలి.
* ఆసుపత్రిలో చేరగానే మిత్రను కలవాలి.

== ఇవి కూడా చూడండి ==
* ఆరోగ్యశ్రీ
* ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
* బైరెడ్డిపల్లె