కరెంటు మంటను ఆర్పే వాయువు



పోయిన వానకాలం మన హాస్టల్ పక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ అన్న ఏబీ స్విచ్ దించుతుంటే చూసినం కదా. కడ్డీలు విడిపోయినా వాటి మధ్య నీలం మంట సర్రున సాగింది. అందరం వెనుకకు ఉరికినం. అది 11,000 వోల్టుల లైను. మంచిర్యాల నుండి చెన్నూరుకు బస్సులో వచ్చేటప్పుడు జైపూర్ కాడ సింగరేణి వారి విద్యుత్ కేంద్రం దగ్గర పెద్ద టవర్లు కనబడుతవి. వాటి తీగల్లో 4,00,000 వోల్టులు! మరి దానిని బంద్ చేసుడెట్లా? "స్విచ్ పెద్దగుంటది, అంతే" అన్నడు నా బెంచి దోస్తు. అంతే కాదు.

లోహం విడిపోగానే కరెంటు ఆగదు. మధ్యనున్న గాలే వేడికి చిట్లి, తానే తీగ లాగా కరెంటును మోస్తుంది. దీనిని ఆర్క్ అంటారు. దాని వేడి పది వేల డిగ్రీలు దాటుతుంది. ఇనుమేమో 1,538 డిగ్రీలకే కరుగుతుంది.

అందుకే ఈ పెద్ద సర్క్యూట్ బ్రేకర్లలో గాలికి బదులు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును ఒత్తి నింపుతారు. దీనిని 1901లో ఫ్రాన్సులో మోయిసాన్, లెబో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తయారుచేశారు. రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే ఐదు రెట్లు బరువు. ఇందులోని ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ల కోసం ఆశపోతు. తిరిగే ఎలక్ట్రాన్లను పట్టి గుంజుకుంటది. మోసేవాళ్ళే లేకుంటే కరెంటు ఎట్లా పోతది?

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దిశ మారే ప్రతిసారి ఒక్క క్షణం సున్నా అవుతుంది. అంటే సెకనుకు 100 సార్లు! బ్రేకర్ కరెంటుతో కొట్లాడదు, ఆ సున్నా కోసం కాచుకుంటది. లోపలి పిస్టన్ సైకిల్ పంపు తీరుగ వాయువును మంట మీదికి ఊదుతుంటే, సున్నా రాగానే మంట ఆరిపోతుంది. పిడుగు పడి లైను చెడినా ఇదంతా సుమారు 40 మిల్లీసెకన్లలో అయిపోవాలి.

వోల్టేజి పెంచితే తక్కువ కరెంటుతోనే అంతే విద్యుత్తు పంపవచ్చు, దారిలో నష్టం తగ్గుతుంది. కానీ ఆరిన మంటను మళ్ళీ లేపే బలం కూడా పెరుగుతుంది. అందుకని ఒక్క చోట కాదు, రెండు నాలుగు చోట్ల ఒకేసారి తెగేటట్టు చేస్తారు. చైనాలో 2009 నుండి 10 లక్షల వోల్టుల లైను నడుస్తున్నది. మన దేశంలో 12 లక్షల వోల్టుల పరీక్షా కేంద్రానికి 2012లో మధ్యప్రదేశ్‌లోని బీనాలో కరెంటు ఇచ్చారు. ఇంత వోల్టేజికి సామాన్లు పరీక్షించే ప్రయోగశాల హైదరాబాద్ ఉప్పల్ దగ్గర కూడా ఉంది.

ఇక దీని చెడ్డగుణం. ఈ వాయువు ఒక కిలో లీకైతే సుమారు 24 వేల కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడి చేస్తుంది. పైకి పోతే వందల ఏండ్లు అక్కడనే ఉంటది. అందుకే రిపేరు చేసేటప్పుడు దీనిని బయటికి వదలరు, పంపుతో మళ్ళీ సిలిండర్లోకి గుంజుతారు. బొగ్గుపులుసు వాయువులోనే వేరే వాయువులు కలిపి కొత్త బ్రేకర్లు చేస్తున్నారు. అవి 4 లక్షల వోల్టులకు కూడా వచ్చినవి. 10 లక్షల లైన్లలో మాత్రం ఇంకా ఈ పాత వాయువే.