అందరినీ నవ్వించి తాను కుంగిపోయిన హాన్‌కాక్

1961 జూన్‌లో బీబీసీ ప్రసారం చేసిన 'ది బ్లడ్ డోనర్' బ్రిటన్ టీవీ హాస్యంలో మేటి. దర్జాగా రక్తదానానికొచ్చిన పెద్దమనిషి, తీసేది రెండు చుక్కలు కాదు, అర లీటరు పైమాటేనని తెలిసి బెంబేలెత్తిపోతాడు. కాస్త గమనించి చూడండి. ఆ పాత్ర వేసిన టోనీ హాన్‌కాక్ చూపు ఎదుటి నటుల మీద నిలవదు, పక్కకు జారిపోతుంటుంది. కొద్దిరోజుల ముందు జరిగిన కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, డైలాగులు గుర్తుంచుకోలేక, ప్రాంప్టర్ తెర మీద చదువుతూ నటించాడు పాపం. ఆ అలవాటు మళ్లీ పోలేదు.

గాయాలు అంతకుముందే ఉన్నాయి. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. వైమానిక దళంలో ఉన్న అన్న 1942లో యుద్ధానికి బలయ్యాడు.

1954లో రేడియోలో, 1956లో టీవీలో మొదలైన 'హాన్‌కాక్స్ హాఫ్ అవర్' అతణ్ని ఇంటింటి మనిషిని చేసింది. అయినా తృప్తి లేదు. తోటి నటుడు సిడ్ జేమ్స్‌ను వదిలేశాడు. ఆనక, తన పాత్రకు ప్రాణం పోసిన రచయితలు గాల్టన్, సింప్సన్‌లనూ దూరం చేసుకున్నాడు. తాగుడు ముదిరింది. రెండు కాపురాలూ కూలిపోయాయి. 1968 జూన్‌లో, కొత్త సీరియల్ షూటింగ్ కోసం సిడ్నీలో ఉండగా ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి 44 ఏళ్లే.

బాధ వల్లే హాస్యం పండుతుందంటారు. హాన్‌కాక్ విషయంలో అది నిజం కాదు. మంచి రచయితలు, నమ్మకమైన తోటి నటులు పక్కనున్నప్పుడే అతను గొప్పగా నవ్వించాడు. తాగుడు అతని టైమింగ్‌ను మింగేసింది. గాల్టన్, సింప్సన్ మాత్రం 1962లో 'స్టెప్టో అండ్ సన్' మొదలుపెట్టి మరో ఘనవిజయం సాధించారు.