వార్తల్లో పదం: కాన్సులర్ యాక్సెస్

పరాయి దేశం నిర్బంధించిన తమ పౌరుణ్ని కలిసి మాట్లాడేందుకు, అతనికి లాయరును ఏర్పాటు చేసేందుకు ఆ పౌరుడి దేశపు రాయబార అధికారులకున్న హక్కే కాన్సులర్ యాక్సెస్. 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం దీనికి ఆధారం. పట్టుబడినవాడికి ఈ హక్కు ఉందని ఆలస్యం చేయకుండా చెప్పాలి, అతను కోరితే అతని దేశానికి కబురు పంపాలి. నేరం చేశాడా లేదా అన్నది వేరే సంగతి. పాక్ చెరలో ఉన్న భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో పాకిస్తాన్ ఈ హక్కును ఉల్లంఘించిందని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది, విడుదలకు మాత్రం ఆదేశించలేదు. యుద్ధంలో చిక్కిన సైనికుల సంగతి 1949 జెనీవా ఒప్పందం చూసుకుంటుంది.

మిత్రదేశం మనుషులు పట్టుబడినా మన నాయకులు ముందు అడగాల్సింది ఇదే. హెచ్చరికలు తర్వాత. వాళ్లను మనమే కలవాలంటే మిత్రదేశం కోరాలి, నిర్బంధించిన దేశం అభ్యంతరం చెప్పకూడదు. ఇలా మెత్తగా పోతే అలుసైపోతామన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ 2018 నవంబరులో గుజరాత్ పడవల మీద వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను చూడండి. ఆ తర్వాతే పుల్వామా ఉగ్రదాడి, బాలాకోట్ వైమానిక దాడి జరిగాయి. అయినా రెండు దేశాల 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవడం ఆగలేదు. 2020 జనవరిలో ఆ మత్స్యకారుల్లో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు.

రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లకు ఈ మాట మరీ అవసరం. అక్కడ పోలీసులు పట్టుకుంటే, భారత రాయబార కార్యాలయానికి తెలపండని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే కబురు పంపే బాధ్యత వియన్నా ఒప్పందం కింద ఆ పోలీసులకు ఉండదు.