దసరాకి బెజవాడ వెళ్తున్నారా?



వినాయకచవితి వెళ్ళిందంటే చాలు, మన ఇళ్ళల్లో ఓ మాట మొదలవుతుంది. "ఏమండీ, ఈ ఏడైనా దసరాకి బెజవాడ వెళ్ళి అమ్మవారిని చూసొద్దామా?" అని. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, మద్రాసులోనో కాపురం చేసుకుంటున్న వాళ్ళకి అది ఏళ్ళ తరబడి ఉండిపోయే కోరిక. బెజవాడలోనే ఉన్నవాళ్ళ సంగతి వేరే. ఆ పది రోజులూ ఇల్లంతా చుట్టాలే, పొయ్యి మీద గిన్నె దిగదు. వచ్చేవాళ్ళకీ, వచ్చినవాళ్ళకి వండిపెట్టేవాళ్ళకీ కూడా పనికొచ్చే సంగతులు ఇవాళ కొన్ని చెప్పుకుందాం.

పండగొస్తే ఊరికి ఊరే వీధిలోకి వచ్చేసే చోట్లు లోకంలో చాలా ఉన్నాయి. బ్రెజిల్ దేశంలో సాల్వడార్ అని సముద్రపు ఒడ్డున ఓ పాత పట్నం ఉంది. క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు అక్కడ కార్నివాల్ జరుగుతుంది. 1950లో ఇద్దరు స్నేహితులు ఓ పాత ఫోర్డు కారెక్కి పాటలు వాయిస్తూ వీధిలోకి వచ్చారు. ఇప్పుడు పెద్ద పెద్ద లారీల మీద పాటగాళ్ళు పాడుతుంటే, లారీ చుట్టూ తాడు పట్టుకుని మనుషులు నడుస్తారు. డబ్బిచ్చి చొక్కా కొనుక్కున్నవాళ్ళు తాడు లోపల, కొననివాళ్ళు తాడు బయట. బయట ఎగిరే జనానికి అక్కడివాళ్ళు సరదాగా పెట్టుకున్న పేరేమిటో తెలుసాండీ? పేలాలు! మూకుట్లో పేలాల్లాగా ఎగురుతుంటారని.

మన బెజవాడలో ఎగరడం లేదు గానీ, తాడు లోపలా బయటా ఉంది. వినాయకుడి గుడి దగ్గర నుంచి కొండ మీది దాకా బారికేడ్లు కట్టి, టిక్కెట్టు వరసలు వేరే, ఉచిత దర్శనం వరసలు వేరే పెడతారు. రష్షు రోజుల్లో గుడి చుట్టుపక్కల రోడ్లలో బళ్ళు తిరగనివ్వరు. బస్సో ఆటోనో ఎంతో దూరాన దిగి నడవాల్సిందే. చుట్టాలకి ఈ మాట ముందే చెప్పండి. "గుడి పక్కనే కదా మీ ఇల్లు" అనుకుని పట్టుచీరలు కట్టుకుని, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని దిగుతారు పాపం!

ముందుగా ఏ రోజు వెళ్ళాలో తేల్చుకోవాలి. శరన్నవరాత్రుల్లో అమ్మవారికి రోజుకో అలంకారం. బాలా త్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, లలితా త్రిపురసుందరి, మహాలక్ష్మి, సరస్వతి, దుర్గ, మహిషాసురమర్దని, చివర విజయదశమినాడు చేత చెరకుగడతో రాజరాజేశ్వరి. ఈ వరస ఏటా ఒకటే ఉండదు. తిథుల్ని బట్టి మారుతుంది. 2025లో ఒక తిథి పెరిగి ఉత్సవాలు సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా పదకొండు రోజులొచ్చాయి. ఆ పెరిగిన రోజుకి కాత్యాయని అలంకారం చేశారు. కనుక "పోయినేడు నాలుగో రోజు అన్నపూర్ణమ్మ" అని లెక్క పెట్టుకుని రైలు టిక్కెట్లు కొనేయకండి. దేవస్థానం వాళ్ళు ప్రకటించే పట్టిక చూసుకునే బయల్దేరండి.

సరస్వతి అలంకారం మూలా నక్షత్రం నాడు. అమ్మవారి జన్మనక్షత్రం అని అంటారు. రాష్ట్ర ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు ఇచ్చేదీ ఆనాడే. పది రోజుల్లోనూ మహా రద్దీ రోజు. ముందు రోజు రాత్రి నుంచే వరసల్లో నిలబడతారు. పుస్తకం, పెన్ను అమ్మవారి దగ్గర పెట్టించి పిల్లాడి చేత దిద్దిద్దామని ప్రతి తల్లికీ ఉంటుంది. కాదనను. కానీ రెండేళ్ళ లోపు పసివాళ్ళని చంకనేసుకుని ఆ రోజే వెళ్ళాలని పట్టుబట్టకండి. మొదటి రెండు మూడు రోజుల్లో ఏ మధ్యాహ్నమో వెళ్తే కాస్త నిదానంగా చూడొచ్చు. అలంకారం మారుతుంది గానీ అమ్మ మారదు కదా! ఆ పుస్తకం సంగతంటారా, మూలా నక్షత్రంనాడు ఇంట్లో సరస్వతీ పూజ చేసుకుని దిద్దించుకోవచ్చు. మా ఎదురింటి మామ్మగారి ఐదుగురు మనవళ్ళూ అలా దిద్దినవాళ్ళే, అందరూ ఇంజనీర్లే.

జనంలో ప్రమాదం ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటాం. కాళ్ళ కింద పడి నలిగిపోతారని అనుకుంటాం. నిజానికి అలాంటి చోట్ల ఎక్కువమంది ప్రాణం పోయేది ఊపిరాడక. ముందు వరస ఆగిపోయిందన్న సంగతి వెనకవాళ్ళకి తెలియదు. వాళ్ళు అడుగు ముందుకు వేస్తూనే ఉంటారు. ఆ ఒత్తిడంతా మధ్యలో ఉన్నవాళ్ళ రొమ్ము మీద పడుతుంది, నిలబడి ఉండగానే గుండెలు విచ్చుకోక శ్వాస అందదు. అందుకని జనం బిగుస్తున్నట్టు తోచగానే రెండు చేతులూ మడిచి రొమ్ముకి ముందు అడ్డం పెట్టుకోండి, ఆ నాలుగంగుళాల చోటే మీకు ఊపిరి. పిల్లల్ని కింద నడిపించకుండా ఎత్తుకోండి. చెప్పు జారినా, కొబ్బరికాయ పడినా, బంగారపు గాజే పడినా సరే, వంగకండి. ఎదురు తొయ్యకండి. తోపుతో పాటు ఓరగా జరుగుతూ అంచుకి చేరండి. ఇంకా ఇరుక్కోకముందే "ఇక్కడ మరీ బిగుసుకుపోతోంది" అనిపిస్తే వరస వదిలి వచ్చేయండి. ఇంత దూరం వచ్చి దర్శనం కాకుండానా అని మగవాళ్ళు సణుగుతారు. సణగనివ్వండి.

పిల్లలు తప్పిపోవడం ఇంకో బెంగ. ఈమధ్య ఏళ్ళలో పిల్లల చేతికి వివరాల పట్టీలు కడుతున్నారు. అడిగి కట్టించుకోండి. దొరక్కపోతే ఫోను నెంబరు రాసిన కాగితం చొక్కా జేబులో పెట్టి పిన్నీసు గుచ్చండి. "మీ అమ్మ పేరేంటి బాబూ?" అని పోలీసాయన అడిగితే "అమ్మ" అని చెప్పే పిల్లలే మనకందరికీ! కనీసం వారం ముందు నుంచి మీ పేరు, మీ ఊరు కంఠతా పట్టించండి. ఫోన్లున్నాయి కదా అని ధీమా వద్దు. అన్ని వేలమంది ఒక్కచోట ఒకేసారి మాట్లాడాలని చూస్తే లైను దొరకదు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఇంట్లో బయల్దేరేటప్పుడే అనుకోవాలి. "గుడి దగ్గర" అంటే చాలదు. ఏ బస్టాండులోనో ఫలానా ప్లాట్‌ఫారం అని చెప్పుకోండి.

అత్తగారినో అమ్మనో తీసుకెళ్తున్నారా? షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు సంచీలో కాదు, మీ దగ్గరే ఉంచండి. వరసలో నాలుగైదు గంటలు పట్టొచ్చు. మజ్జిగో, మంచినీళ్ళో, రెండు బిస్కట్లో ఉండాలి. ఉపవాసం ఉంటానని పెద్దావిడ పట్టుబడితే దర్శనమయ్యాక ఉందురుగాని అని బతిమాలండి. ఇంకో మాట, మన ఆడవాళ్ళం పైకి చెప్పుకోం: వరసలో చేరే ముందే మరుగుదొడ్డికి వెళ్ళి రండి. దానికి భయపడి పొద్దుటినుంచీ నీళ్ళు మానేసి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళే ఎక్కువ.

స్నానం సంగతి. కృష్ణ ఆశ్వయుజంలో మంచి మనిషిలా కనబడుతుంది గానీ నమ్మడానికి లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. 1957లో బ్యారేజీ వచ్చాక అంతటి వరద ఎన్నడూ లేదు. ఎగువ వానలు పడితే గేట్లు ఎత్తుతారు, చూస్తూండగానే మెట్లు మునుగుతాయి. ఘాట్లలో జల్లుస్నానాలకి ఏర్పాటు చేస్తారు, పిల్లలకీ ముసలివాళ్ళకీ అవే చాలు. విజయదశమి సాయంత్రం హంసవాహనం మీద తెప్పోత్సవం కూడా, వరద ఉన్న ఏడు నదిలో తిప్పకుండా ఒడ్డునే జరుపుతారు. అమ్మవారికే తప్పనప్పుడు మనమెంత?

కొండనీ తేలిగ్గా తీసుకోకూడదు. 2020 అక్టోబరు 21న, మూలా నక్షత్రం రోజునే, ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. వానలు పడ్డ రోజుల్లో రాతి గోడ పక్కన నీడ ఉంది కదా అని చాప పరుచుకుని కూర్చోకండి.

ఇంత చెప్పి భయపెట్టానేమో! అసలు అందం చెప్పలేదు. ఎర్ర చీరల్లో, ఎర్ర పంచెల్లో భవానీ దీక్ష పట్టినవాళ్ళు జై దుర్గా అంటూ నడిచి వస్తూంటే కృష్ణొడ్డంతా మందారం పూసినట్టుంటుంది. రాత్రి బ్యారేజీ మీంచి చూస్తే కొండంతా దీపాలు, ఆ దీపాలన్నీ నీళ్ళల్లో మళ్ళీ. 2025లో విజయవాడ ఉత్సవ్ అని పెట్టి, విజయదశమినాడు బందరు రోడ్డు మీద కళాకారులతో కార్నివాల్ కూడా నడిపారు. సాల్వడార్ మన బందరు రోడ్డుకే వచ్చిందన్నమాట.

కానీ నన్నడిగితే, అసలైన వీధి పండగ చూడాలంటే బందరు ఊరికే వెళ్ళాలి. మచిలీపట్నంలో దసరాకి శక్తిపటాలు కడతారు. అమ్మవారి బొమ్మ ఉన్న పెద్ద పటం వీపుకి కట్టుకుని, కాళిక ముఖం పెట్టుకుని, డప్పుల మోతకి అడుగులేస్తూ ఇంటింటికీ వస్తారు. ఆ బరువు మోస్తూ అలా ఆడడానికి ఎంత సాధన కావాలో! పసిపిల్లలు జడుసుకుంటారు, వెనక నుంచి చూపించండి. బెజవాడ నుంచి రెండు గంటల బస్సు. దార్లో పామర్రు దగ్గర దిగితే కూచిపూడి ఎంతో దూరం లేదు.

బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు మాత్రం పండగ మొదలవకముందే ఒక పూట కొండపల్లి వెళ్ళి రండి. తెల్లపొణికి కర్రతో చేసే ఆ దశావతారాలు, ఏనుగు అంబారీ, కల్లుగీసేవాడూ అక్కడ చేసేవాళ్ళ ఇంట్లోనే కొనుక్కోవచ్చు. పాత పత్రికల కాగితాలు నాలుగు వెంట తీసుకెళ్ళండి, చుట్టుకోవడానికి. పొణికి తేలిక కర్ర, బస్సులో ఒత్తిడి తగిలితే ఏనుగు తొండమే ముందు విరుగుతుంది.