విద్యుత్తు ఆగిన వేళ : బ్యాటరీ ఇన్వర్టరును అమర్చు విధము

విద్యుచ్ఛక్తికి మనమెంతగా నలవాటుపడితిమో అది యాగిపోయిన వేళనే మనకు తెలియును. పంకా నిలిచిపోవును; దీపమాఱును; బాలుడు చదువుచున్న పుట చీకటిలో కలిసిపోవును. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో పదవ తరగతి పరీక్షలు ఎండలు ముదురు కాలముననే జరుగుచున్నవి. ఆ దినములలో సాయంకాలపు గాలివాన యొక్కటి చాలును, వసతిగృహమంతయు చీకటి యగుటకు. అందుచేత బ్యాటరీతో పనిచేయు ఇన్వర్టరు నేడు ఇండ్లయందును, వసతిగృహములయందును, చిన్న వైద్యశాలలయందును సామాన్య వస్తువైనది.

అయితే దానిని కొనుట వేఱు, తగినట్లు అమర్చుట వేఱు. చక్కగా నమర్చిన యంత్రము అనేక సంవత్సరములు నమ్మకముగా సేవచేయును. సరిగా నమర్చనిది అగ్నికిని, ఆమ్లపు గాయములకును, ఒక్కొక్కప్పుడు మన కంటికి కనబడని వేఱొకని మరణమునకును కారణము కాగలదు. తంతులు కలుపు పని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుదే గాని విద్యార్థులది కాదు. అయినను చేయువాని పనిని గ్రహించి చూచుట ఇంటి యజమానికిని, విద్యార్థికిని అవసరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

విద్యుద్ఘటము

రసాయన క్రియవలన ఎడతెగని విద్యుత్ప్రవాహమును పుట్టించు సాధనమును 1800వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు వోల్టా లోకమునకు తెలిపెను. దానిలోని శక్తి వ్యయమైన పిమ్మట దానిని మరల నింపుటకు వీలులేకుండెను. ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, ఖాళీయైన పిదప మరల నింపదగిన ఘటమును నిర్మించెను. 1881లో కామిల్ ఫోర్ అను మఱియొక ఫ్రెంచివాడు సీసపు భస్మమును ముద్దగాచేసి పలకలకు పూసి, దాని సామర్థ్యమును మిక్కిలి పెంచెను. నేడు మన యిండ్లలో ఇన్వర్టరు ప్రక్కనుండు బరువైన పెట్టె ఆ ఘటము సంతతియే.

దీనిలో ధనధ్రువపు పలక సీసపు డయాక్సైడు. ఋణధ్రువపు పలక మెత్తని సీసము. రెండింటి నడుమ నీటితో పలుచన చేసిన గంధకామ్లము. విద్యుత్తు వెలువడునప్పుడు రెండు పలకలును సీసపు సల్ఫేటుగా మాఱును. ఆమ్లము వ్యయమై ద్రవము పలుచనగును. బయటి విద్యుత్తును ఎదురుగా పంపినచో పలకలు పూర్వరూపమును పొందును. ద్రవము మరల చిక్కబడును. కావున ద్రవముయొక్క సాంద్రతను కొలిచి, ఘటము నిండినదో లేదో చెప్పవచ్చును. ఇండ్లలో వాడు గొట్టపు పలకల బ్యాటరీ నిండియున్నప్పుడు హైడ్రోమీటరు సుమారు 1.24 చూపును. ఒక్కొక్క గదికి 2 వోల్టుల చొప్పున ఆఱు గదులు వరుసగా కలిసి 12 వోల్టులగును.

బ్యాటరీలోని ప్రవాహము ఒకే దిశను పాఱును. మన పంకాలకు కావలసినది 230 వోల్టులు గలిగి, సెకనునకు 50 ఆవర్తనములు చేయు ఏకాంతర ప్రవాహము. ఇన్వర్టరులోని ఎలక్ట్రానికు మీటలు ప్రవాహమును అతివేగముగా అటునిటు త్రిప్పును. 1831లో ఫారడే కనుగొనిన అయస్కాంత ప్రేరణ ననుసరించి పరివర్తకము ఆ 12 వోల్టులను 230కి హెచ్చించును. వీధి విద్యుత్తు వచ్చినపుడు ఆ యంత్రమే వ్యతిరేకముగా పనిచేసి బ్యాటరీని నింపును. చదరపు తరంగము నిచ్చు చౌక యంత్రములతో పంకాలు మూలుగును. కావున వీధి విద్యుత్తువలె నున్నని సైను తరంగము నిచ్చుదానినే కొనుట మేలు.

ముందుగా లెక్క

చెఱువు ఎంత పెద్దదో ఒక ప్రశ్న; దాని తూము ఎంత వెడల్పైనదో మఱియొక ప్రశ్న. బ్యాటరీమీద వ్రాసియుండు ఆంపియరు-గంటలు చెఱువు పరిమాణమును తెలుపును. ఇన్వర్టరుమీది వోల్టు-ఆంపియర్లు తూము వెడల్పును తెలుపును. ఈ రెంటిని కలగాపులగము చేయుటచేతనే పలువురు కొన్న పిమ్మట నిరాశ చెందుదురు.

ఒక వసతిగృహపు పఠనశాలను ఉదాహరణముగా గైకొందము. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు 10, అవి 200 వాట్లు. 75 వాట్ల పంకాలు 4. అవి 300 వాట్లు. మొత్తము 500 వాట్లు. శక్తిగుణకమును 0.8గా నెంచినచో 625 వోల్టు-ఆంపియర్లు కావలెను. పంకాలు బయలుదేరునప్పుడు హెచ్చుగా లాగును గనుక 900 వోల్టు-ఆంపియర్ల యంత్రము తగినది.

ఇక చెఱువు లెక్క. 12 వోల్టుల, 150 ఆంపియరు-గంటల బ్యాటరీలో 1800 వాటు-గంటల శక్తి గలదు. ఇన్వర్టరులో వేడిగా పోవుదానిని విడిచి, నూటికి 80 వంతులు దక్కునని యెంచినచో 1440 మిగులును. బ్యాటరీని అడుగంట తోడరాదు గనుక అందులోను 80 వంతులే తీసికొందము, 1152 అగును. దానిని 500చే భాగింపగా 2.3 గంటలు వచ్చును. అయితే ఆ 150 అనునది 20 గంటలపాటు నెమ్మదిగా తీసినప్పటి లెక్క; త్వరితముగా తీసినచో బ్యాటరీ అంత ఇయ్యదు. కావున గంటన్నరయే నమ్మదగిన కాలము.

ఇచట తలిదండ్రులు గమనింపదగిన సంగతి యొకటి గలదు. అవే పంకాలకు మాఱుగా 30 వాట్లతో తిరుగు బి.ఎల్.డి.సి. పంకాలను పెట్టినచో మొత్తము 320 వాట్లకు దిగును. అదే బ్యాటరీ చాల హెచ్చు కాలము వచ్చును. రెండవ బ్యాటరీని కొనుటకు ముందు ఖర్చును తగ్గించుట వివేకము. నీటి పంపు, ఇస్త్రీపెట్టె, నీటిని కాచు హీటరు మున్నగువానిని ఇన్వర్టరు వరుసలో ఎన్నడును చేర్పరాదు.

స్థలము

బ్యాటరీ నిండుచున్నప్పుడు, ముఖ్యముగా తుదిదశలో, నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును. గాలిలో ఉదజని నూటికి 4 వంతులు చేరెనా, చిన్న నిప్పురవ్వకే ప్రేలును. అది గాలికంటె మిక్కిలి తేలిక గనుక పైకప్పు క్రింద చేరును. కావున బ్యాటరీయున్న చోట గోడ పైభాగమున గాలి పోవు మార్గముండవలెను. మూసిన అలమరలోను, పడకగదిలోను, దీపారాధన చేయు చోటను, పొయ్యి దగ్గఱను ఉంచరాదు. అగ్గిపుల్ల గీచి బ్యాటరీలోనికి తొంగిచూచుట ప్రాణాపాయము.

ఎండ తగులనిదియు, పిల్లలు ఆడుకొననిదియు, నేల సమముగా నుండునదియునగు చోటు కావలెను. ఇన్వర్టరును బ్యాటరీ మీదనే పెట్టరాదు. ఆమ్లపు ఆవిరి దాని లోపలి భాగములను తినివేయును. దూరముగాను పెట్టరాదు. 500 వాట్ల భారమునకు 230 వోల్టుల వైపున రెండుమూడు ఆంపియర్లే ప్రవహింపగా, 12 వోల్టుల వైపున 50 ఆంపియర్లకు పైగా ప్రవహించును. అంత ప్రవాహము సన్నని లేక పొడవైన తీగెలో వేడి పుట్టించి వృథాయగును. యంత్రముతో ఇచ్చిన దళసరి రాగి తీగెలను పొడిగింపక వాడవలెను.

తంతులు కలుపుట

పని ప్రారంభించుటకు ముందు మెయిను స్విచ్చిని ఆపి, యెవరును వేయకుండ ఒకరిని కాపుంచవలెను. పనివాడు ఉంగరములు, గడియారము, లోహపు గొలుసులు తీసివేయవలెను. 12 వోల్టులు షాకు కొట్టవుగదా యని అలక్ష్యము చేయరాదు. పానా జాఱి రెండు ధ్రువములను కలిపెనేని వందలకొలది ఆంపియర్లు ప్రవహించి లోహము ఎఱ్ఱగా కాలును. పానా పిడికి ఇన్సులేషను టేపు చుట్టవలెను. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు, ప్రక్కన బకెట్టెడు నీళ్లు ఉండవలెను.

మొదట ఎఱ్ఱ తీగెను ధనధ్రువమునకును, తరువాత నల్ల తీగెను ఋణధ్రువమునకును బిగింపవలెను. తీయునప్పుడు నల్లదానిని ముందు తీయవలెను. తాఱుమాఱైనచో యంత్రములోని భాగములు క్షణములో కాలిపోవును. బోల్టులు గట్టిగా బిగించిన పిమ్మట వానికి పెట్రోలియము జెల్లీ పూసినచో తుప్పు పట్టదు. యంత్రమునకు ఎర్తు తీగె తప్పక యుండవలెను.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. ఇన్వర్టరునుండి నడువవలసిన దీపముల, పంకాల ఫేజు తీగెను వీధి విద్యుత్తునుండి పూర్తిగా వేఱుచేసి, ఇన్వర్టరునుండి మాత్రమే పోనీయవలెను. కొందఱు ఖర్చు తగ్గునని తలంచి, రెండు కొనలను ప్లగ్గులుగల తీగెతో ఇన్వర్టరు విద్యుత్తును గోడలోని సాకెట్టులోనికి ఎక్కింతురు. అప్పుడు ఆ విద్యుత్తు ఇంటిలో ఆగక మీటరును దాటి వీధి తీగెలకు పోవచ్చును; అచటి ట్రాన్సుఫార్మరులో వెనుకకు నడచి వేలకొలది వోల్టులుగా హెచ్చవచ్చును. భారమును మోయజాలక యంత్రమే యాగిపోవునని నమ్ముటకు వీలులేదు. తీగె తెగియున్నను, ఫ్యూజులు తీసియున్నను భారము స్వల్పమేగదా. లైనులో విద్యుత్తు లేదని నమ్మి, మన దీపము కొఱకే వానలో స్తంభమెక్కిన లైనుమనుష్యుని చేతికి మన గోడలోనుండి మృత్యువు పోవును. అతనికిని భార్యాబిడ్డలుందురు. మన పఠనశాలకు వెలుగు కావలెనని యింకొక యింటి దీపమార్పుట తగునా? జనరేటరు విషయమునను ఈ సూత్రమే మఱింత గట్టిగా వర్తించును.

పరీక్షించి ప్రారంభించుట

తంతులు కలిపినంతమాత్రమున పని ముగియదు. క్రమముగా పరీక్షింపవలెను.

1. వోల్టుమీటరుతో బ్యాటరీని కొలువవలెను. విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీ 12.5 వోల్టులకు తక్కువ చూపరాదు.

2. వీధి విద్యుత్తునిచ్చి, చార్జి దీపము వెలుగుట చూచి, 10 మొదలు 12 గంటలు నింపవలెను. తొలినాడే తొందరపడి వాడరాదు.

3. పిమ్మట మెయిను స్విచ్చిని ఆపి చూడవలెను. యంత్రము వెంటనే భారము నందుకొనవలెను. మొదట ఒక దీపము, తరువాత పంకా, ఇట్లు ఒక్కొక్కటిగా చేర్పవలెను.

4. ఆ స్థితిలోనే, ఇన్వర్టరు వరుసలో లేని ప్రతి సాకెట్టును మీటరుతో చూడవలెను. ఎందును విద్యుత్తు ఉండరాదు. ఇన్వర్టరు ప్లగ్గును సాకెట్టునుండి తీసి దాని పిన్నులను ముట్టక మీటరుతో కొలువవలెను. అవియు నిర్జీవముగా నుండవలెను. ఈ పరీక్షలో తప్పినచో యంత్రమును ఆపి, దోషమును దిద్దినగాని వాడుకలోనికి తేరాదు.

5. అరగంట నడచిన పిమ్మట యంత్రమునాపి, దళసరి తీగెల పైతొడుగును తాకి చూడవలెను. గోరువెచ్చన మంచిదే, చుఱ్ఱుమన్నచో ఎచటనో బిగింపు వదులుగా నున్నదని యర్థము.

6. వీధి విద్యుత్తును మరల నిచ్చి, చార్జి తిరిగి ప్రారంభమగుట చూడవలెను. తేదీని, ద్రవ సాంద్రతను, యంత్రము నడచిన కాలమును ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆఱు మాసముల తరువాత బ్యాటరీ బలహీనపడినదా యని తెలిసికొనుటకు ఆ తొలి అంకెలే ఆధారము.

పోషణ

నెల కొకసారి ద్రవమట్టమును చూచి, తగ్గినచో డిస్టిల్డు వాటరును మాత్రమే పోయవలెను. కుళాయి నీటిలోని లవణములు పలకలను చెఱచును. ఆవిరియై పోవునది నీరే గనుక ఆమ్లమును చేర్పరాదు. ఆమ్లము కంట పడినచో నలుపక 15 నిమిషములకు తక్కువగాకుండ మంచినీటితో కడిగి వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. నేలపై ఒలికినచో వంటసోడా చల్లి కడుగవలెను. బ్యాటరీని ఖాళీగా దినములకొలది విడిచినచో సీసపు సల్ఫేటు గట్టిపడి తిరిగి కరుగదు. కావున దీర్ఘకాలపు సెలవులకు ముందు నిండుగా చార్జిచేయవలెను.

చెడిన బ్యాటరీని పగులగొట్టి సీసము కరిగించుట ఘోరమైన పని. ఆ పొగయు ధూళియు చిన్నపిల్లల మెదడునకు చేటు తెచ్చును. దానిని అమ్మిన అంగడివానికే తిరిగి యిచ్చి, అనుమతి పొందిన శుద్ధిశాలకు చేరునట్లు చూడవలెను. భారత ప్రభుత్వమువారు 2022లో చేసిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ఉద్దేశమును ఇదియే. లిథియము బ్యాటరీలును ఇప్పుడు ఇన్వర్టరులకు వచ్చుచున్నవి. వానిని రూపొందించిన గుడ్ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. అవి తేలికయైనవి, నీరు పోయనక్కఱలేనివి. కాని వెల హెచ్చు. మఱియు వానికి తగిన చార్జరుగల యంత్రమే కావలెను.

తుదకు ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు నగరము దినములకొలది చీకటిలో నుండెను. అట్టి యాపదకు ఇన్వర్టరు చాలదు; అది గంటల చీకటికి మందు గాని దినముల చీకటికి కాదు. ఇంటిలో లాంతరును, టార్చిదీపమును, త్రాగునీటి నిలువను మానరాదు. యంత్రము తన హద్దులో మనకు సేవచేయును. ఆ హద్దు నెఱిగి, దాని వెలుగువలన ఎవరికిని కీడు కలుగకుండ నడపుట మన విధి. బాలబాలికలారా, మీ యింట ఇన్వర్టరు ఉన్నయెడల ఈ నెలలోనే మీ తలిదండ్రులను పిలిచి, బ్యాటరీ ద్రవమట్టమును చూడుడనియు, నాలుగవ పరీక్షను ఎలక్ట్రీషియనుచేత చేయింపుడనియు కోరుడు. విజ్ఞానశాస్త్రమును చదివినందుకు అది మంచి ఫలము.