తెరపై కాన్‌బెర్రా

లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో డి.హెచ్.9ఎ అనే పాతకాలపు బాంబరు విమానమొకటి ఉన్నది. అది నిజాం ప్రభువు బహూకరించినదనీ, దాని పేరు 'హైదరాబాదు 12ఎ' అనీ దాని ఒంటిపై వ్రాసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కు చెందిన విమానమది. 1918 అక్టోబరులో జర్మనుల చేతికి చిక్కి, బెర్లిన్ చేరి, ఆ తరువాత పోలెండులో బయటపడి, 1977లో ఇంగ్లండుకు తిరిగి వచ్చినది. అక్కడికి వెళ్లగలిగినవారు దానిని నేటికీ కన్నులారా చూడవచ్చును. అయితే అది గాలిలో ఎట్లా నడిచేదో, పైలటు చేతికి ఎంత బరువుగా తగిలేదో ఆ గదిలో నిలబడి తెలిసికొనలేము.

ఈ లోటు తీర్చుటకు ఒక మార్గమున్నది. పాత విమానాన్ని ఫ్లైట్ సిమ్యులేటరులో, అనగా విమానయానాన్ని కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రాములో, తిరిగి నిర్మించుట. ప్రపంచమంతటా ఎందరో ఔత్సాహికులు తీరిక వేళల్లో ఈ పని చేస్తున్నారు. దీనిని వివరించుటకు మన వైమానిక దళంలోనే అర్ధ శతాబ్దం పనిచేసిన కాన్‌బెర్రా జెట్ బాంబరును ఉదాహరణగా తీసుకొందుము.

కాన్‌బెర్రా తొలిసారి ఎగిరినది 1949 మే 13న, ఇంగ్లండులో. భారత ప్రభుత్వం 1957లో వీటిని కొనుటకు ఒప్పందం చేసికొన్నది. 1961లో ఇవి ఐక్యరాజ్య సమితి పక్షాన కాంగోలో పనిచేసినవి. 1965 యుద్ధంలో మనవారు కాన్‌బెర్రాలతో వెళ్లగా, పాకిస్తాన్ వారు అదే విమానానికి అమెరికాలో తయారైన రూపమగు బి-57తో వచ్చినారు. ఒకే గూటి పక్షులు రెండు దేశాల రాత్రులనూ భయపెట్టినవి. తరువాత హైదరాబాదు నిజాం కళాశాల పూర్వ విద్యార్థి ఇద్రీస్ హసన్ లతీఫ్ వైమానిక దళాధిపతిగా ఉన్న కాలంలో (1978-81) జాగ్వార్ విమానాలు వచ్చి, కాన్‌బెర్రా చేసే దాడి పనిని క్రమంగా అందుకొన్నవి. చివరకు 2007 మే 11న ఆగ్రాలో కాన్‌బెర్రాకు వీడ్కోలు చెప్పినారు.

ఇట్టి విమానాన్ని తెరపై నిలుపుటలో మొదటి మెట్టు ఆకారం. కొలతల పటాలు, ఛాయాచిత్రాలు దగ్గర పెట్టుకొని, ఉచితంగా దొరకే బ్లెండర్ వంటి ప్రోగ్రాముతో రెక్కలను, తోకను, కాక్‌పిట్‌ను గీస్తారు. ఓర్పు గలవారికి ఇది అసాధ్యం కాదు. చూచువారు మెచ్చేదీ దీనినే. మా దృష్టిలో అసలు పని దీని తరువాతనే ఆరంభమవుతుంది.

రెక్క ఎంత బలంతో పైకెత్తవలెను, గాలి ఎంతగా వెనుకకు లాగవలెను, చుక్కాని ఎంత త్రిప్పితే ముక్కు ఎంత తిరగవలెను అనేవన్నీ అంకెలుగా మార్చవలసి ఉన్నది. ఇందుకు పద్ధతులు పలువిధాలు. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటరు రెక్కను సన్నని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై గాలి బలాన్ని క్షణక్షణమూ లెక్కిస్తుంది. ఉచితంగా లభించే ఫ్లైట్‌గేర్‌లో రెండు దారులున్నవి. యాసిమ్ అనే దారిలో కొలతలు, బరువు, దిగే వేగం, ప్రయాణ వేగం ఇచ్చినచో తక్కిన అంకెలను అదే వెనుకకు లెక్కించి తెచ్చుకొంటుంది. జె.ఎస్.బి.సిమ్ అనే రెండవ దారిలో పట్టికలన్నీ మనమే కూర్చవలెను. శ్రమ ఎక్కువైనను, విమానం యొక్క దుర్గుణాలను సైతం నమోదు చేయదలచినవారికి ఈ రెండవదే మేలు.

దుర్గుణాలని ఎందుకన్నామో చెప్పవలెను. కాన్‌బెర్రాకు రెండు రెక్కలపై రెండు రోల్స్‌రాయిస్ ఏవన్ ఇంజనులుండేవి. మన బాంబరు రకంలో ఒక్కొక్కటి సుమారు 7,400 పౌన్ల త్రోపు ఇచ్చేది. నేల విడిచిన వెంటనే ఎడమ ఇంజను ఆగినదనుకొందుము. కుడి ఇంజను విమానాన్ని ఎడమకు త్రిప్పివేయజూస్తుంది. దానిని నిలువరించవలసినది తోకనున్న చుక్కాని. ఆ చుక్కాని బలమో, వేగం యొక్క వర్గాన్ని అనుసరించి ఉంటుంది. 140 నాట్ల వేగం వద్ద ఉండే బలం 100 నాట్ల వద్ద సుమారు సగానికి పడిపోతుంది. కనుక ఒక హద్దుకు దిగువన పైలటు పాదంతో ఎంత త్రొక్కినను చుక్కాని చాలదు, విమానం ఒరిగి తలక్రిందులవుతుంది. ఆ హద్దునే 'సేఫ్టీ స్పీడు' అనేవారు. కాన్‌బెర్రా నడపు రీతులను కష్టసాధ్యం కాని యంత్ర సహాయం ఆదుకొనేది కాదు. చుక్కానిని, ఇతర ఫలకాలను కదిలించినది మనిషి కండబలమే. ఒక ఇంజనుతో ఎగురుట అభ్యసిస్తూనే పలు దేశాలలో ఎందరో వైమానికులు ప్రాణాలు కోల్పోయినారు.

మెరిసే రంగులతో వచ్చే కొన్ని నమూనాలలో ఇంజను ఆపినను విమానం బుద్ధిమంతురాలివలె తిన్నగా పోవుచునే ఉంటుంది. ఆటకు అది బాగానే ఉండవచ్చును. కాని దానిని కాన్‌బెర్రా అని పిలుచుటకు మేము ఒప్పుకొనము.

ఎత్తు సంగతీ ఇట్టిదే. 40,000 అడుగుల వద్ద గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికి నాలుగవ వంతు మాత్రమే. అక్కడ రెక్కకు అంతే బలం కావలెనన్నచో నిజవేగం రెట్టింపు ఉండవలెను. మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే ఇక్కడికి చాలును.

మరొక వివరం ఏ లెక్కకూ అందదు. మన బాంబరు రకంలో పైలటు గాజు బుడగవంటి కప్పు క్రింద ఎడమకు జరిగి కూర్చొనేవాడు. అతనికి ప్రమాదవేళ బయటకు ఎగురవేసే ఇజెక్షన్ సీటు ఉండేది. లోపల కూర్చొని దారి చూచే నావిగేటరుకు అది లేదు. అతడు పారాచూట్ ధరించి, తలుపు తెరచుకొని దూకవలసినదే. తక్కువ ఎత్తులో అందుకు వ్యవధి ఎక్కడిది? యుద్ధ విమానాన్ని తిరిగి నిర్మించుట హింసను కీర్తించుట కాదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నయే. నావిగేటరు స్థానంలో కూర్చొని చూచే వీలు కల్పించిన నమూనాలో యుద్ధపు వైభవం అంతగా కనబడదని మా నమ్మకం.

ఈ సమాచారమంతా ఎక్కడ దొరకును? ఆనాడు పైలట్ల కొరకు ముద్రించిన 'పైలట్స్ నోట్స్' పుస్తకాలలో వేగాల హద్దులు, ఇంజను ఆగినప్పుడు చేయవలసిన పనులు వరుసగా ఉన్నవి. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఒక కాన్‌బెర్రాను చూడవచ్చును. కాగితంపైకి ఎక్కనిది మాత్రం మనుషుల వద్దనే ఉన్నది. దీనిని గ్రహించుటకు బోధన్‌వారికి దూరాన ఉన్న ఉదాహరణ అక్కరలేదు. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారాన్నే తలచుకొనవచ్చును. చక్కెర పాకాన్ని వండేవారు రెండు వ్రేళ్ల మధ్య దానిని సాగదీసి, తీగ పొడవును బట్టి గింజ కట్టే సమయాన్ని గుర్తించేవారు. యంత్రాల పటాలెన్ని భద్రపరచినను ఆ వ్రేళ్ల తెలివి పటంలోనికి రాదు. కాన్‌బెర్రా విషయమూ అంతే. ఇంజనును మందుగుండు కార్ట్‌రిడ్జితో రగిలించినప్పుడు లేచే నల్లని పొగ ఎంతసేపుండేది, ఏ వేగం వద్ద పిడి బిగుసుకొనేది అన్న సంగతులు దానిని నడిపినవారికి, మరమ్మతు చేసినవారికి తెలియును. 1950ల చివరలో తొలి విమానాలను అందుకొన్నవారు నేడు తొంబదేండ్ల వయస్సుకు అటూ ఇటూ ఉన్నారు. వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పెద్దలు తమ కుటుంబాలలో గాని, ఇరుగుపొరుగున గాని ఉన్న విద్యార్థులు ఈ సెలవుల్లోనే వారివద్ద కూర్చొని, వారి మాటలను తేదీ వేసి వ్రాసికొనుట మంచిది. ఉర్దూలో చెప్పినచో ఉర్దూలోనే వ్రాసికొనవలెను. అనువాదం తరువాత చూచుకొనవచ్చును.

నమూనా సిద్ధమైన పిమ్మట దానిని ఎగురవేసి, ఎన్ని అడుగుల పరుగులో నేల విడిచినది, ఎన్ని నిమిషాలలో ఎంత ఎత్తుకెక్కినది పుస్తకంతో పోల్చి చూస్తారు. తేడా వచ్చిన చోట పట్టిక సవరించి మరల ఎగురుతారు. ఒక్కొక్కప్పుడు ఇది నెలల తరబడి సాగును. చివరి పరీక్షగా, నేల విడిచిన మరుక్షణంలో ఎడమ ఇంజనును ఆపి చూడవలెను. విమానం ఎడమకు ఒరిగి నేల కూలినచో, ఆ పట్టికలు సరియైన దారిలో ఉన్నవన్నమాట.